పనిచేయించడం మనకు తెలుసా?

మిరప కోతల రోజుల్లో పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి నందిగామ వైపు బయలుదేరితే, రోడ్డు పక్కన ఆటోల కోసం నిలబడ్డ ఆడవాళ్ల ముఠాలు కనిపిస్తాయి. చేతుల్లో క్యారేజీలు, చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు, తలకు గుడ్డలు. మేస్త్రి అనగానే మగవాడే గుర్తుకొచ్చే అలవాటు మనకింకా పోలేదు గానీ, ఈ మెట్ట పల్లెల్లో తిరిగినప్పుడు నేను కలిసిన ముఠా పెద్దల్లో చాలామంది ఆడవాళ్లే. రైతుతో కూలి మాట్లాడేదీ, ఆటో ఖర్చెవరిదో తేల్చేదీ, రేపటికి ఎంతమంది కావాలో ఇంటింటికీ చెప్పేదీ ఆమే.

అలాంటి ఒకామెతో ఒక రోజంతా చేలో ఉన్నాను. అందరితో పాటు ఆమే ముందు సాలు పట్టింది. వెనకబడ్డ ముసలామె సాలులోకి, తమది అయిపోయినవాళ్లు ఎవరూ చెప్పకుండానే వచ్చి కోశారు. తొడిమలు ఊడిపోతున్నాయని రైతు గట్టు మీంచి కేకలేస్తే జవాబు చెప్పింది ఆమె. ఆయన వెళ్లాక ఆ కొత్త పిల్లను పక్కకు పిలిచి కాయ ఎలా పట్టుకోవాలో చూపించింది. సాయంత్రం డబ్బులు అందరి ముందు లెక్కపెట్టి పంచింది. సమాజశాస్త్రంలో నాయకత్వం గురించి నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కాదు. వాటిలో ఇంత సూటిగా చెప్పినవి మాత్రం గుర్తు రావడం లేదు.

మేస్త్రి వ్యవస్థను పొగడటానికి ఇది రాయడం లేదు. అందులో అడ్వాన్సులున్నాయి, కమిషన్లున్నాయి, కులం ఉంది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా, ఆడవాళ్లకు తక్కువ కూలి అన్న లెక్కలోనే ఆమె బేరం మొదలవుతుంది. అయినా తన కింద పనిచేసేవాళ్లకు తాను జవాబుదారీ అన్న సంగతి ఆమెకు తెలుసు. ఆ సంగతి మన సంస్థల్లో, మన ఆఫీసుల్లో, మనకు తెలుసా?

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో క్షేత్ర కార్యకర్త ఒకామె గర్భవతి అయింది. ఊళ్లు తిరగలేకపోయింది. 'కొన్నాళ్లు రెస్టు తీసుకోమ్మా' అన్నాం, ఎంతో ప్రేమగా. ఆ నెలల పట్టికలో ఆమె పేరు లేదు. ఆ పట్టిక మీద సంతకం నాది. ఆ వారంలోనే నేను స్త్రీల ప్రసూతి హక్కుల మీద ఒక సదస్సులో మాట్లాడి వచ్చాను.

ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. దాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. వీళ్లు ఉద్యోగులు కారని ఏళ్లుగా చెప్పిన ప్రభుత్వమే 2024 జనవరిలో వీళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అంటే పని అత్యవసరమైనదే, చేసే మనిషే ఉద్యోగి కాదు! వీళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. మనమంతా శిబిరాలకు వెళ్లాం, కరపత్రాలు రాశాం. నందిగామలో నా పక్కన కూర్చున్న మా కార్యకర్త మెల్లగా అడిగింది: "వాళ్లకి గ్రాట్యుటీ ఇమ్మంటున్నాం గదా అక్కా, మరి నా సంగతి?"

ఆమెకు మేమిచ్చేది ఆయా వేతనం కన్నా కాస్త ఎక్కువ. నియామకపు కాగితం లేదు. సెలవుల లెక్క లేదు. ప్రాజెక్టు అయిపోతే ఆమె పనీ అయిపోతుంది. 'ఉద్యమంలో జీతాల మాటేమిటి' అన్న మాట మన నోళ్లలో ఎంత తేలిగ్గా వస్తుందో! ఇంటిచాకిరీకి ప్రేమ అని పేరు పెట్టి కూలి ఎగ్గొట్టిన పితృస్వామ్యాన్ని విశ్లేషించిన మనమే, మన ఆఫీసులో చాకిరీకి నిబద్ధత అని పేరు పెట్టాం.

డబ్బుల ఇబ్బంది నిజం. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించాక చిన్న సంస్థలు చాలా నలిగాయి. కానీ కోత ఎవరి దగ్గర మొదలైందో మన పుస్తకాలు తీసి చూసుకుందాం. పైగా డబ్బుతో పనిలేనివీ ఉన్నాయి. నివేదికలు ఊరి నుంచి ఆఫీసుకు వస్తాయి, నిర్ణయాలు ఆఫీసు నుంచి ఊరికి పోతాయి. ఆ రెంటి మధ్యా కార్యకర్త అభిప్రాయం ఎక్కడా ఆగదు. తప్పు జరిగితే అందరి ముందూ మందలిస్తాం, మెచ్చుకోలు మాత్రం దాతలకు పంపే నివేదికలో, అదీ ఇంగ్లీషులో రాస్తాం. పదిమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని 2013 లైంగిక వేధింపుల చట్టం చెప్పింది. అంతకు తక్కువైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. ఊరూరా ఈ చట్టం మీద శిక్షణలిచ్చే మనలో, సొంత కార్యకర్తకు ఆ కమిటీ చిరునామా రాసిచ్చినవాళ్లం ఎంతమందిమి?

మొన్నటి సమావేశంలో, డైరెక్టరు నుంచి ఆఫీసు ఊడ్చే ఆమె వరకు, మా జీతాల పట్టికను మొదటిసారి అందరి ముందూ చదివాం. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మధ్యాహ్నం భోజనాల దాకా మాట్లాడుతూనే ఉన్నారు, ఎక్కువగా క్షేత్ర కార్యకర్తలే. నియామకపు కాగితాలు రాసే పని మొదలైంది. ప్రసూతి సెలవు డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో ఇంకా తేలలేదు. మీ సంస్థల్లో దీన్నెలా తేల్చుకున్నారో రాయండి. కార్యకర్తల ఉత్తరాలు ముందు వేస్తాం.