డయాలసిస్ బాధితులకు వాట్సాప్ తోడు.. మరి కొబ్బరి నీళ్ల సలహాను సరిదిద్దేదెవరు?

ఎచ్చెర్ల: కిడ్నీలకు కొబ్బరి నీళ్లు మంచివి.. ఇలాంటి ఫార్వార్డ్ మెసేజ్ ఒక్కసారైనా చూడని వాళ్లు అరుదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దీంతో ఇబ్బంది లేదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు మాత్రం ప్రాణం మీదకు తెచ్చే సలహా ఇది. గ్లాసుడు కొబ్బరి నీళ్లలో ఒక అరటిపండులో ఉన్నంత పొటాషియం ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువే. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. పైగా మన జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్నది కొబ్బరి తోటల ఉద్దానంలో. బోండాలు, పనస పండ్లు పెరట్లోనే దొరుకుతాయి.

అలాగని రోగుల వాట్సాప్ గ్రూపులు వద్దనడం తొందరపాటే అవుతుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. రానుపోను ప్రయాణం కలిపితే ఆ రోజు పోయినట్టే. కవిటి, సోంపేట, మందస పల్లెల్లో ఇలా బతుకుతున్నవాళ్లు మీటింగ్ పెట్టుకుని కలవడం అయ్యే పని కాదు. పరిచయాలు పక్క బెడ్ దగ్గరే మొదలవుతాయి, ఫోన్‌లో కొనసాగుతాయి.

అక్కడ దొరికేది ఓదార్పు ఒక్కటే కాదు. ఫిస్టులా వేసిన చేతికి బీపీ చూడనివ్వకూడదు, సూది వేయనివ్వకూడదు. రోజూ చెయ్యి పెట్టి అక్కడ అదురు తెలుస్తోందో లేదో చూసుకోవాలి. దాహం ఆగకపోతే గ్లాసు నీళ్లకు బదులు చిన్న ఐస్ ముక్క చప్పరించవచ్చు. ఇవన్నీ డాక్టర్లు చెప్పేవే. కానీ అనుభవించినవాళ్లు చెబితే ఎక్కువ గుర్తుంటాయి. నెలకు 10 వేల రూపాయల డయాలసిస్ పింఛన్‌కు ఏ కాగితాలు కావాలన్నది కూడా ఆఫీసు కంటే ముందు తోటి రోగే చెబుతాడు.

పుకార్లకు ఇక్కడ చోటు దొరకడానికీ కారణముంది. ఉద్దానం జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లా, ఎండలో పనా, పురుగు మందులా, నొప్పి మాత్రలా.. అన్నిటి మీదా అనుమానాలే. శ్రీలంక, మధ్య అమెరికాలోనూ ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా ఇదే పరిస్థితి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి మంచినీళ్లు వస్తున్నాయి. జవాబు మాత్రం రాలేదు. ఆ ఖాళీలోకే నాటు మందుల వీడియోలు వచ్చి చేరుతున్నాయి.

రోగుల గ్రూపు పుకారును పెంచగలదు, పట్టుకోగలదు కూడా. 2008లో ఇటలీ డాక్టర్లు ఒక చిన్న అధ్యయనం చేసి, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుకు లిథియం పనిచేస్తోందన్నారు. చాలామంది రోగులు సొంతంగా వాడటం మొదలుపెట్టారు. అమెరికాలోని 'పేషెంట్స్ లైక్ మీ' సైట్‌లో వాళ్లు నమోదు చేసిన వివరాలనే విశ్లేషిస్తే ఫలితం లేదని తేలింది. 2011లో నేచర్ బయోటెక్నాలజీ పత్రిక దాన్ని ప్రచురించింది. తేడా ఏంటంటే, అక్కడ లెక్క రాసేవాళ్లు, చూసేవాళ్లు ఉన్నారు. మన వాట్సాప్‌లో అడ్మిన్ కూడా రోగే అయితే, ఒంట్లో బాగోలేని రోజు తప్పుడు మెసేజ్‌ను ఎవరు ఆపుతారు?

ఇంకో చిక్కు, పెద్దగా ఎవరూ మాట్లాడనిది. ఉద్దానం అనగానే పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయన్న భయం ఇళ్లలో ఉంది. గ్రూపులో చేరితే నంబర్ అందరికీ కనిపిస్తుంది, జబ్బు ఊరికి తెలిసినట్టే. నంబర్ దాచుకునే వీలున్న టెలిగ్రామ్ లాంటివి వాడొచ్చు గానీ, పెద్దవాళ్లకు అది కొత్త. చదవడం రానివాళ్లకు వాయిస్ మెసేజ్ నయం. కీప్యాడ్ ఫోన్ ఉన్నవాళ్లకు అదీ లేదు. పైగా నిన్నటిదాకా రోజూ గుడ్ మార్నింగ్ పెట్టిన నంబర్ ఒక్కసారిగా ఆగిపోతే, మిగతావాళ్లకు ఆ రోజు మిషన్ ఎక్కాలంటేనే గుండె జారుతుంది.

ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ రెండూ ఉన్నాయి. గ్రూపు ఏర్పాటు, నంబర్లు దాచడం, వాయిస్ మెసేజ్‌లు సర్దడం విద్యార్థులు చేయగల పనులే. మందు, తిండి విషయం మాత్రం వాళ్లకు వదలకూడదు. డయాలసిస్ సెంటర్ నుంచి ఒక నర్సో, డైటీషియనో వారానికి అరగంట ఇచ్చి, వచ్చిన ప్రశ్నలకు శ్రీకాకుళం యాసలోనే వాయిస్‌లో జవాబు పెడితే చాలు. మొదటి వారం కొబ్బరి నీళ్లతో మొదలుపెట్టొచ్చు.