చీకటికి ఖర్చెంత?

పొద్దుపోయాక తల్లి కూతుర్ని మొక్కజొన్న పిండి తెమ్మంటుంది. తప్పించుకున్న చిరుతపులి ఊరి చుట్టూ తిరుగుతోందని పిల్లకు తెలుసు. వెళ్లనని మొరాయిస్తుంది. తల్లి చీపురు పట్టుకుని బయటికి తరిమి తలుపు వేసేస్తుంది. దగ్గరి కొట్టు కట్టేశారు. రైలు వంతెన కింది చీకట్లోంచి అవతలి కొట్టుకు పోవాలి. పిండి కొనుక్కుని వస్తుంటే పులి కళ్లబడుతుంది. పిల్ల పరుగెత్తుకొచ్చి తలుపు బాదుతుంది. సాకులు చెబుతోందనుకుని తల్లి ముందు కదలదు. కేక విని ఉలిక్కిపడి లేచేసరికి గడియ బిగుసుకుపోయి ఊడిరాదు. ఆ చివరి ఘట్టమంతా మనం ఇంటి లోపలే ఉంటాం. బయట ఏం జరుగుతోందో వింటామే గాని చూడం. కాసేపటికి తలుపు కింది సందులోంచి రక్తం సన్నటి ధారగా లోపలికి పారుతుంది.

1943లో జాక్ తూర్నర్ దర్శకత్వంలో వచ్చిన ‘ది లెపర్డ్ మ్యాన్’లోది ఈ ఘట్టం. పిల్ల చచ్చిపోయే ఆ నిమిషానికి కావలసిన సరంజామా ఒక తలుపు, ఒక గడియ, కాస్త నల్లటి ద్రవం. డబ్బు లేదు కాబట్టి పులి దాడిని చూపించలేదని ఒక సమీక్షకుడు రాయొచ్చు. గొప్ప కళాకారుడు కాబట్టి చూపించకుండా భయపెట్టాడని ఇంకొకరు రాయొచ్చు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరూ సగమే చెప్పారు. లేమి ఎక్కడ ఆగింది, ఆలోచన ఎక్కడ మొదలైంది అన్నది పట్టుకోవడమే ఇలాంటి సినిమా మీద రాసేవాడి అసలు పని. ఈ సంచిక నుంచి పాత చిన్న బడ్జెట్ దెయ్యాల సినిమాల మీద, సస్పెన్స్ సినిమాల మీద సమీక్షలు వేయబోతున్నాం. సాహిత్య పత్రికకు ఈ గోల ఎందుకని కొందరు పాఠకులు అడుగుతారు. ఏది చెప్పాలి, ఏది దాచాలి, ఎంతసేపు దాచాలి అన్నది కథ రాసే ప్రతివాడి సమస్యే. చేతిలో డబ్బు లేనివాళ్లు ఆ సమస్యను ఎలా విప్పారో చూస్తే కథకులకు పనికొస్తుందని మా నమ్మకం.

‘ది లెపర్డ్ మ్యాన్’ నిర్మాత వాల్ ల్యూటన్. యాల్టాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన మనిషి, నవలలు రాసినవాడు, డేవిడ్ సెల్జ్‌నిక్ దగ్గర కథల విభాగంలో పనిచేసినవాడు. 1942లో ఆర్‌కెఓ స్టూడియో అతన్ని పిలిచి దెయ్యాల సినిమాల విభాగం అప్పజెప్పింది. ఆర్సన్ వెల్స్ సినిమాలతో డబ్బు పోగొట్టుకున్న స్టూడియో అది. పెట్టిన షరతులు కచ్చితంగా ఉన్నాయి. ఖర్చు లక్షా యాభై వేల డాలర్లు దాటకూడదు. నిడివి 75 నిమిషాలు మించకూడదు. పేరు స్టూడియోనే ఇస్తుంది, ఆ పేరుకు తగ్గ కథ ల్యూటన్ చూసుకోవాలి. అలా ఇచ్చిన మొదటి పేరు ‘క్యాట్ పీపుల్’. ఆ పేరు వింటే ఎవరికైనా బొచ్చు ముసుగు వేసుకున్న మనిషి గుర్తొస్తాడు. ల్యూటన్ ఆ పేరు కింద, భర్త ముట్టుకుంటే తనలోని పులి నిద్రలేస్తుందని భయపడే ఒక ఒంటరి భార్య కథ చెప్పాడు. స్టూడియోలో అప్పటికే ఉన్న సెట్లు వాడుకున్నాడు. వెల్స్ తీసిన ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’ కోసం కట్టిన పెద్ద మెట్లవరస ఇందులో మళ్లీ కనిపిస్తుంది.

ఆ సినిమాలో ఒక నడక ఉంది. రాత్రి సెంట్రల్ పార్కు గోడ వెంట ఒక స్త్రీ ఒంటరిగా ఇంటికి పోతుంటుంది. వెనక భార్య ఇరేనా వస్తోంది. సంగీతం లేదు. రెండు జతల మడమ జోళ్ల చప్పుడు, రెండు వేర్వేరు లయల్లో. వీధి దీపం కింద వెలుగు, తరవాత చీకటి, మళ్లీ వెలుగు. ఉన్నట్టుండి వెనకటి చప్పుడు ఆగిపోతుంది. భయం అక్కడ మొదలవుతుంది. వెంటపడే అడుగులు వినపడుతున్నంతసేపూ వెనక ఉన్నది మనిషేనన్న భరోసా ఉంటుంది మరి. ముందున్నామె నడక పరుగవుతుంది, మనమూ పులి గుర్రు కోసం ఎదురుచూస్తాం. గుర్రులాంటి శబ్దమే వస్తుంది, కాని అది పక్కనుంచి వచ్చి ఆగిన సిటీ బస్సు బ్రేకుది. ఎడిటర్ మార్క్ రాబ్సన్ కూర్చిన ఈ కోత ఎంత పేరు తెచ్చుకుందంటే, ఇలా ఉత్తుత్తి అదురు పుట్టించే పద్ధతిని సినిమావాళ్లు ఇప్పటికీ బస్సు అనే పిలుస్తారు. అయితే తరవాతి షాట్ల గురించి తక్కువమంది రాస్తారు. నేల మీద పులి అడుగుల గుర్తులు కనిపిస్తాయి. కొంత దూరం పోయాక అవే ఆడమనిషి జోళ్ల గుర్తులుగా మారతాయి. మనిషి పులిగా మారడం ఎక్కడా చూపించలేదు. తడినేల మీద నాలుగు ముద్రలతో పని జరిగిపోయింది.

ల్యూటన్ అనుకున్నవన్నీ నెగ్గలేదు. నిజం పులిని ఒక్కసారైనా చూపించాల్సిందేనని స్టూడియో పట్టుబట్టింది, భర్త పనిచేసే ఆఫీసు దృశ్యంలో పులి వచ్చింది. తూర్నర్, ఛాయాగ్రాహకుడు నికొలస్ ముసురాకా దాన్ని బల్లల నీడల్లో వీలైనంత ముంచేశారు. అయినా, అంతసేపూ అనుమానం మీద నిలిచిన సినిమా ఆ కాసేపు బలహీనపడిందని మా అభిప్రాయం. సమీక్షకుడు ఈ వెనక కథ తెలుసుకోవాలి, తెలుసుకున్నాక కూడా తెర మీద ఉన్నదాన్నే తూచాలి. నిర్మాత చేతులు కట్టేశారు పాపం అని మార్కులు కలపకూడదు.

పేదరికం గురించిన కథలు రుచిగా ఉంటాయి. అందుకే వాటితో జాగ్రత్తగా ఉండాలి. ఎడ్గర్ ఉల్మర్ 1945లో తీసిన ‘డీటూర్’ ఆరు రోజుల్లో, ఇరవై వేల డాలర్లతో పూర్తయిందని దశాబ్దాల పాటు రాస్తూ వచ్చారు. ఉల్మర్ మీద పరిశోధించిన నోవా ఐసెన్‌బర్గ్ నిర్మాణ పత్రాలు తిరగేస్తే ఖర్చు లక్ష డాలర్లు దాటిందని, షూటింగు రోజులు ఆరు కంటే చాలా ఎక్కువని తేలింది. సినిమా విలువ దీనివల్ల పైసా తగ్గలేదు. పాత అంచనాల్లో ఎన్ని ఆ ఆరు రోజుల మీద నిలబడి ఉన్నాయో మాత్రం బయటపడింది. ఆ సినిమాలో న్యూయార్కు వీధి చూపించడానికి వీధి లేదు, కాబట్టి దట్టమైన పొగమంచులో ప్రేమికులిద్దరూ నడుస్తారు. ఆ మంచు కథానాయకుడి అయోమయానికి సరిగ్గా అతికింది. ఇంకో చోట అతను కార్లెక్కే షాట్లను తిరగేసి అచ్చు వేశారు, డ్రైవర్లు తప్పు వైపు కూర్చున్నట్టు కనిపిస్తారు. మొదటిది లేమిని గెలవడం. రెండోదానికి కథలో ఏ సమర్థనా లేదు. అభిమానం కొద్దీ రెండింటినీ కలిపి కవిత్వం అనేస్తే మొదటిదానికి అన్యాయం చేసినట్టే.

వెక్కిరింత సంగతి త్వరగా ముగిద్దాం. 1980లో మెద్వెద్ సోదరులు ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ అవుటర్ స్పేస్’కు అన్నిటికన్నా చెత్త సినిమా అన్న బిరుదు కట్టబెట్టారు. అప్పటినుంచీ చవక సినిమాలను నలుగురూ కూర్చుని నవ్వుకోవడానికి చూడటం ఒక వినోదమైంది. ఆ సినిమాకు లోపాలు లేవని ఎవరూ అనరు. బేలా లుగోసీ చనిపోయాక అతని బదులు వేరే మనిషిని పెట్టి, ముఖానికి అడ్డంగా అంగీ పట్టించి నడిపించారు. కాని అట్ట సమాధి ఊగిందని నవ్వడానికి చదువు, అనుభవం అక్కర్లేదు. నవ్వే సమీక్షకుడు తనకన్నా తక్కువ డబ్బున్న మనిషి మీద నవ్వుతున్నాడు. ఈ పత్రికలో దానికి చోటు లేదు.

ఇక ప్రింటు సంగతి. దీని మీద సమీక్షకులు పెట్టే శ్రద్ధ చాలా తక్కువ. జార్జ్ రొమేరో పిట్స్‌బర్గ్ మిత్రులతో కలిసి సుమారు లక్షా పద్నాలుగు వేల డాలర్లతో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ 1968లో విడుదలైంది. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు, పాత టైటిల్ కార్డుతో పాటు కాపీరైటు గుర్తు కూడా పోయింది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం గుర్తు లేకపోతే హక్కూ లేదు. ఎవరు పడితే వాళ్లు ప్రింటు నుంచి ప్రింటు, ఆ ప్రింటు నుంచి వీడియో తీసి అమ్ముకున్నారు. తీసినవాళ్లకు రావలసిన డబ్బు రాలేదు. ఇంకో నష్టం కూడా జరిగింది. మసకబారిన ఆ నకళ్లు చూసినవాళ్లు, బొమ్మ గరుకుగా, న్యూస్‌రీలులా ఉందని, అదే దాని శైలి అని రాశారు. 2016లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం పునరుద్ధరించిన ప్రతి చూస్తే నలుపు తెలుపుల మధ్య ఎన్ని ఛాయలున్నాయో, దీపాలు ఎంత ఆలోచించి పెట్టారో తెలుస్తుంది. పాత సినిమా మీద రాసేవాళ్లు తాము చూసింది ఏ ప్రతి, ఎంత నిడివిది అన్నది మొదటి పేరాలోనే చెప్పాలని మా నియమం. అదే సినిమా మీద 1969 జనవరిలో రోజర్ ఈబర్ట్ రాసిన వ్యాసం ఇంకో రకంగా ఆదర్శం. శనివారం మధ్యాహ్నం ఆటకు వచ్చిన చిన్నపిల్లలు మొదట కేరింతలు కొట్టి, తరవాత ఎలా నోరు మెదపకుండా అయిపోయారో, ఎలా ఏడ్చారో ఆయన చూసి రాశారు. హాలు ఎలా ఉందన్నది కూడా సినిమా చరిత్రలో భాగమే.

కాపీరైటు లేక దిక్కులేకుండా తిరిగిన మరో సినిమా ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’. కాన్సాస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్లో పాఠశాలలకు, కంపెనీలకు చిన్న చిత్రాలు తీసే సంస్థలో పనిచేసే హెర్క్ హార్వీ, సాల్ట్ లేక్ ఒడ్డున పాడుబడిన సాల్టెయిర్ అనే వినోదశాల చూసి ఆగిపోయాడు. ఉద్యోగానికి కొన్ని వారాలు సెలవు పెట్టి, ముప్ఫై మూడు వేల డాలర్లతో 1962లో సినిమా తీశాడు. ప్రధాన దెయ్యం వేషం తానే వేశాడు. సంగీతమంతా చర్చి ఆర్గన్ మీదే. కథానాయిక వృత్తి కూడా ఆర్గన్ వాయించడం, కాబట్టి ఆ పొదుపు కథలో కలిసిపోయింది. బట్టల షాపు దృశ్యం చూడండి. ఆమె కొత్త గౌను వేసుకుని చూసుకుంటుండగా తెర నీటి అలలా ఒకసారి వణుకుతుంది. బయటికొస్తే చుట్టూ ఉన్న లోకం మూగబోయింది. అమ్మకందారు పెదవులు కదులుతున్నాయి, మాట వినిపించదు. ఆమె పలకరిస్తే ఎవరికీ వినపడదు, కనపడదు. వీధిలోకి పోతుంది, అక్కడా అంతే. పార్కులో ఒక పిట్ట కూస్తుంది. లోకం మళ్లీ వినిపించడం మొదలవుతుంది. శబ్దాన్ని తీసేయడం కన్నా చవకైన ట్రిక్కు సినిమాలో లేదు, ఇంతకన్నా బాగా ఒంటరితనాన్ని చూపిన ట్రిక్కు మాకు తెలియదు. పంపిణీదారు డబ్బు ఎగ్గొట్టడంతో హార్వీ మళ్లీ పెద్ద సినిమా తీయలేదు. 1989లో సినిమా తిరిగి హాళ్లకు వచ్చి పేరు తెచ్చుకున్నప్పుడు ఆయన బతికే ఉన్నాడన్నది ఒక్కటే ఊరట.

మన దగ్గరికి వద్దాం. హిందీలో రామ్సే సోదరులు ఇంటిల్లిపాదీ కలిసి సినిమాలు తీశారు. ఒకరు కెమెరా, ఒకరు శబ్దం, ఇద్దరు దర్శకత్వం. 1970లో తండ్రి తీసిన సినిమా ఆడకపోయినా, అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముసుగుతో దొంగతనం చేసే ఘట్టానికి మాత్రం జనం వస్తున్నారని కొడుకులు గమనించారు. 1972లో మహాబలేశ్వర్‌లో తీసిన ‘దో గజ్ జమీన్ కే నీచే’ అలా పుట్టింది. 1984 నాటి ‘పురానా మందిర్’లో హవేలీ, రంగు దీపాలు, అజయ్ అగర్వాల్ ముఖం మాత్రమే చాలు, సామ్రీ అనే రాక్షసుడు వచ్చాడంటే గుండె జారుతుంది. మధ్యలో ‘షోలే’ను అనుకరించే జగ్‌దీప్ హాస్యం వచ్చి ఆ భయాన్ని చల్లార్చేస్తుంది. నిడివి నింపాలి, పాటలుండాలి, హాస్యముండాలి. ల్యూటన్‌కు డబ్బుతో పాటు నిడివి కూడా తక్కువే ఇచ్చారు. అది అతనికి మేలు చేసింది. మన చవక సినిమాకు డబ్బే తక్కువ, నిడివి మాత్రం పెద్ద సినిమాదే. మన దెయ్యాల సినిమాల బలహీనత చాలావరకు ఇక్కడుందని మాకనిపిస్తుంది.

తెలుగులో ఈ చర్చ బి. విఠలాచార్య దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. పేచీ పెట్టిన నటుడి పాత్రను శాపం పేరుతో మేకగానో చిలకగానో మార్చేసేవారని సినిమా జనం చెప్పుకునే మాట అందరికీ తెలుసు. ఆ ముచ్చట చెప్పి, జానపద బ్రహ్మ అని ఒక బిరుదు తగిలించి చేతులు దులుపుకుంటున్నాం. ‘జగన్మోహిని’ (1978) షాటు షాటుగా ఎవరు చూశారు? అందులో మోహిని పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తుంది. మాయలో పనితనం పెద్దగా లేదు, అతుకు కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఆ సినిమా చూసిన తరం కథ మరిచిపోయినా ఆ పొయ్యిని మరిచిపోలేదు. కోడలు వంటింట్లో తన ఒంటినే కాల్చి ఇంటిల్లిపాదికీ వండటమన్న ఊహ మన ఇళ్లకు ఎంత దగ్గరిదో, అది నవ్వూ భయమూ కలిసి ఎందుకు పుట్టిస్తుందో ఎవరైనా విడమరిచి రాయాలి. ఆ వ్యాసం కోసం మేం ఎదురుచూస్తున్నాం.

రాసేవాళ్లకు ఒక మనవి. మన సమీక్షల్లో ముప్పాతిక భాగం కథే ఉంటుంది. సస్పెన్స్ సినిమాకు అంతకన్నా చేటు లేదు. పాతది కాబట్టి ముగింపు చెప్పేయొచ్చన్న వాదన మేం ఒప్పుకోం. చూడనివాడికి 1943 సినిమా కూడా కొత్తదే. ముగింపు చెప్పకుండా అంచనా కట్టడం కుదరని చోట, ముందే హెచ్చరించి చెప్పండి. కథకు రెండు పేరాలు చాలు. మిగతా చోటు ఒక దృశ్యానికివ్వండి. దీపం ఎక్కడుంది, ఏం వినిపించింది, కోత ఎక్కడ పడింది అన్నది రాయండి. బాగాలేనిది బాగాలేదనే రాయండి.

టూరింగ్ టాకీసుల్లో ఆపరేటర్లుగా పనిచేసినవాళ్లు, అలాంటివారి పిల్లలు మా పాఠకుల్లో ఉండే ఉంటారు. దెయ్యాల సినిమాల కరపత్రాలు, పాటల పుస్తకాలు, రీళ్లు ఏవైనా మీ ఇళ్లలో ఉంటే తెలియజేయండి. ఫొటో తీసుకుని భద్రంగా తిప్పి పంపుతాం. ‘జగన్మోహిని’ మొదటి విడుదలలో చూసినవాళ్లు ఏ ఊళ్లో, ఏ హాల్లో చూశారో, పొయ్యి దృశ్యం దగ్గర జనం ఏం చేశారో రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం. ఈ సంచికలో మొదటి సమీక్ష ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ మీద, 32వ పేజీలో.