పిల్లల చేతికి ఎయిర్ ఫ్రయర్ ఇవ్వండి, అవ్వను పక్కన కూర్చోబెట్టండి



పోయిన వారం మన గ్రూపులో పిల్లల ఆదివారం తెలుగు తరగతి గురించి పెద్ద చర్చే జరిగింది. హాజరు తగ్గిపోతోందని ఒకరు, టైము మార్చాలని ఒకరు, వచ్చిన పిల్లలకు తలా ఒక స్వీటు బాక్సు ఇస్తే రమ్మనకుండానే వస్తారని ఇంకొకరు రాశారు. ఆ స్వీటు బాక్సు మాట చూశాకే నాకు ఇది రాయాలనిపించింది. బాక్సులకు పెట్టే డబ్బుతో పండ్లు కొనండి. తరగతి గదిలో ఒక ఎయిర్ ఫ్రయర్ పెట్టండి. అరగంట సేపు పిల్లల చేత, వాళ్ల అవ్వలను పక్కన పెట్టి, వేడివేడిగా పండ్లతో తీపి చేయించండి. నవ్వేవాళ్లు నవ్వుకోండి, కానీ కడదాకా చదివి నవ్వండి.

మన హోసూరు, కృష్ణగిరి పక్క ఇళ్లలో సంగతి మీకు నేను చెప్పాలా? పిల్లలు బడిలో తమిళం, పక్కింటి వాళ్లతో కన్నడం, హోంవర్కు ఇంగ్లీషులో. 2006 చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి చేసుకుంటూ వచ్చారు. మన పిల్లలు తమిళం చక్కగా చదువుతున్నారు, రాస్తున్నారు, అది మంచిదే. ఉన్న ఊరి భాష రాకపోతే ఎట్లా? నా బాధ తమిళం గురించి కాదు. ఇంట్లో మిగిలిన తెలుగు గురించి. ఒక్కరోజు మీ ఇంట్లో చెవి పెట్టి వినండి. "తిన్నావా", "పడుకో", "తలుపెయ్యి", "ఫోను పక్కన పెట్టు". అన్నీ పెద్దవాళ్లు వేసే ఆజ్ఞలే. పిల్లవాడు తిరిగి తెలుగులో ఒక ప్రశ్న అడిగే సందర్భమే లేదు. అవ్వకు తెలుగు తప్ప ఇంకో భాషలో మనసు విప్పడం రాదు, మనవడికి తెలుగులో నాలుగు వాక్యాలు వరసగా రావు. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని వేరే వేరే తెరలు చూస్తుంటారు.

ఒకప్పుడు మాటలు నేర్చుకునే చోటు వంటిల్లు. ఇప్పుడు అక్కడికి పిల్లలను రానివ్వం. గ్యాసు మంట, కాగే నూనె, కూతపెట్టే కుక్కరు, ఆఫీసుకు వేళవుతోందని అమ్మ హడావిడి. "పొయ్యి దగ్గరికి రావద్దు" అన్నదే అక్కడ వాడు వినే తెలుగు. వేడి పుట్టించే సామానులో, పెద్దవాళ్లు పక్కన నిలబడితే చాలు, తొమ్మిది పదేళ్ల పిల్లలు పని చేయగలిగినది ఈ ఎయిర్ ఫ్రయరే. మంట లేదు. చిందే నూనె లేదు. నేను దీన్ని పట్టుకుని ఇంత మాట్లాడటానికి అసలు కారణం ఇదే.

పేరులో 'ఫ్రై' అని ఉంది గాని ఇందులో వేగేది ఏమీ లేదు. పైన కాయిలు వేడెక్కుతుంది, ఫ్యాను ఆ వేడి గాలిని చిన్న బుట్టలో గిరగిరా తిప్పుతుంది. అంతే, చిన్న ఓవెను. 2010లో ఫిలిప్స్ వాళ్లు ఈ పేరుతో మార్కెట్లోకి తెచ్చారు, ఇప్పుడు మన వీధిలోనే ఎన్నో ఇళ్లలో ఉంది. చాలా ఇళ్లలో చిప్స్ వేడి చేయడానికి తప్ప వాడరు, అది వేరే సంగతి. 1500 వాట్ల మెషీను పది నిమిషాలు నడిస్తే కాలేది పావు యూనిట్ కరెంటు. హాలు కరెంటు బిల్లు గురించి అడగబోయే ట్రెజరర్ అన్నకు ముందే చెప్తున్నాను.

ఇప్పుడు తీపి సంగతి. మొదటి ఆదివారానికి నేంద్రం అరటిపండే మేలు. మన మార్కెట్లో ఎప్పుడూ దొరుకుతుంది, గట్టిది, వేడికి జావ కాదు. తొక్క తీసి నిలువుగా రెండు చీలికలు చేయాలి. పొడిచేసిన బెల్లం రెండు చెంచాలు, నెయ్యి ఒక చెంచా, రెండు ఏలక్కాయల పొడి, చిటికెడు ఉప్పు కలిపి ముద్దలా చేసి పక్కన పెట్టుకోవాలి. పొడి బెల్లం నేరుగా చల్లితే ఫ్యాను గాలికి ఎగిరి కాయిలుకు అంటుకుంటుంది, పొగ వస్తుంది, అందుకే ముద్ద. చీలికలను చిన్న స్టీలు పళ్లెంలో కోసిన వైపు పైకి పెట్టి, పైన కాస్త నెయ్యి రాసి, 180 డిగ్రీల దగ్గర ఏడెనిమిది నిమిషాలు ఉంచాలి. అంచులు ఎర్రబడ్డాక బుట్ట బయటికి లాగి బెల్లం ముద్ద రాసి మళ్లీ రెండు మూడు నిమిషాలు. బెల్లం మొదటే వేయకండి, పండు మగ్గేలోపు అది మాడి చేదెక్కుతుంది. పళ్లెం లేకుండా బుట్టలో నేరుగా పెడితే కరిగిన పాకం కన్నాల్లోంచి కారి అడుగున అంటుకుంటుంది, తర్వాత గీకలేక చావాలి. బేకింగ్ పేపరు వేసేవాళ్లు ఉత్త పేపరు పెట్టి మెషీను ఆన్ చేయవద్దు. గాలికి లేచి పైన కాయిలుకు తగిలి కాలుతుంది.

బుట్ట లాగడం, వేడి పళ్లెం దించడం మాత్రం పెద్దవాళ్ల పని. మరిగే బెల్లం చేతికి అంటుకుంటే నీళ్లలా జారిపోదు, చర్మాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఈ ఒక్క నియమంలో మొహమాటం వద్దు. మిగిలిందంతా పిల్లలే చేయనీయండి.

మా పక్కింట్లో అయిదో తరగతి చదివే పాప, డెంకణికోట పక్క పల్లె నుంచి వచ్చిన వాళ్ల అవ్వ కలిసి ఇది చేస్తుంటే నేను చూశాను. అవ్వ మెషీను చుట్టూ ఒకసారి తిరిగి "మంట యాడుందే దీంట్లో?" అనింది. "మంట లేదవ్వా, గాలి. వేడి గాలి" అనింది పాప. అప్పట్నుంచి ఆ ఇంట్లో దాని పేరు గాలిపొయ్యి. నిఘంటువు వాళ్లు కమిటీ వేసి పది నెలలు కూర్చున్నా ఇంత మంచి మాట వస్తుందా అని నాకు అనుమానం. ఆ తర్వాత అవ్వ పండు చేతిలోకి తీసుకుని నొక్కి చూసి, "ఇది ఇంకా దోరగా ఉంది, మాగలేదు, ఇంకో రెండు నిమిషాలు పెట్టల్ల" అనింది. దోర అంటే ఏంది అని పాప అడిగింది. అవ్వ బుట్టలోంచి ఇంకో పండు తీసి రెండూ దాని చేతిలో పెట్టింది. పాఠం అయిపోయింది.

ఇక్కడే కొంచెం నిదానంగా చెప్పాలి, నా వాదన అంతా ఇందులోనే ఉంది. ఇంగ్లీషులో పిల్లవాడికి తెలిసినవి రెండే, రైప్, అన్‌రైప్. మనకు పిందె ఉంది, లేతకాయ ఉంది, కాయ ఉంది, దోరకాయ ఉంది, పండు ఉంది, మాగిన పండు ఉంది, మెత్తబడింది ఉంది, ఆ తర్వాత కుళ్లింది. ఇవి పుస్తకంలో చదివి అప్పజెప్పే మాటలైతే నేను ఇంత రాయను. గాలిపొయ్యి ముందు వీటికి పని ఉంది. దోరపండుకు పది పన్నెండు నిమిషాలు కావాలి, ఎందుకంటే దానిలో పిండి ఇంకా పూర్తిగా చక్కెరగా మారలేదు. మాగిన పండుకు ఏడు చాలు. బాగా మెత్తబడిన దానికి తొక్క తీయకుండా గాటు పెట్టి అలాగే పెట్టాలి, తొక్క నల్లబడుతుంది, లోపల హల్వాలాగా అవుతుంది. మాట తెలియకపోతే నిమిషాలు తప్పుతాయి. బెల్లానికీ అంతే. కరిగింది, పొంగింది, తీగ సాగుతోంది, మాడింది. ఈ నాలుగింటి మధ్య దూరం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో అవ్వ అరిచే మాటను పిల్లలు మరిచిపోరు.

"వంట నేర్పితే అక్షరాలు వస్తాయా?" అని ఒక అన్న తప్పకుండా అడుగుతాడు. వస్తాయి. మెషీను తిరిగే పది నిమిషాలు పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోరు కదా. ఆ పది నిమిషాల్లో ఇప్పుడు చేసింది ఏమిటో ఆరు వాక్యాల్లో రాయమనండి. బెల్లం రాయాలంటే ల్ల రావాలి, నెయ్యికి య్య, చెక్కకు క్క, మగ్గింది అనాలంటే గ్గ. ఒత్తులు నేర్పడానికి మన టీచరమ్మ రెండేళ్లుగా పడుతున్న పాట్లు నాకు తెలుసు. నోట్లో నీళ్లూరుతుండగా రాసిన ఒత్తు వేరు. రాసిన కాగితం ఇంటికి తీసుకుపోయి వచ్చే వారం అమ్మకు చదివి వినిపించి చేయించాలి. చదవలేకపోతే తీపి లేదు. ఇంతకంటే మంచి పరీక్ష నాకు తోచలేదు.

ఇది మన వంట కాదు, పరాయిది అనేవాళ్లకు ఒక మాట. పళని పంచామృతం తినని వాళ్లు మనలో ఎవరున్నారు? అరటిపండు, బెల్లం, నెయ్యి, ఏలకులు, తేనె, ఖర్జూరం. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పై తీపిలో ఉన్నవీ ఇంచుమించు అవే, కాకపోతే వేడిగా ఉన్నాయి. కన్నడ ఇళ్లలో అరటిపండు రసాయన, మామిడిపండు సీకరణె మనమూ చేసుకుంటాం. పండుకు బెల్లం కలపడం ఎవరో వచ్చి మనకు నేర్పలేదు. మెషీను కొత్తదంటారా, మిక్సీ మాత్రం మన తాతల నాటిదా? కోయంబత్తూరు గ్రైండరు వచ్చాక రోలు ఏ మూలకు పోయిందో అందరం చూసినవాళ్లమే.

షుగరు ఉన్న పెద్దలకు మాత్రం నేను నచ్చేలా మాట్లాడను. "పండే కదా, నూనె లేదు కదా, ఎంతైనా తినొచ్చు" అనే ప్రచారం తప్పు. వేడి చేసినంత మాత్రాన పండులో చక్కెర తగ్గదు. నీరు ఆవిరైపోయి ముక్క చిన్నదవుతుంది గనక తెలియకుండా ఇంకొకటి తింటారు. వంద గ్రాముల అరటిపండులో సుమారు పన్నెండు గ్రాముల చక్కెర ఉంటుంది, పైన బెల్లం వేరే. వాళ్లకు బెల్లం వేయకుండా జామ గాని ఆపిల్ గాని చెక్కపొడి చల్లి పెట్టండి, అదీ డాక్టరు చెప్పిన లెక్కలోనే. స్వీటు బాక్సు కంటే ఇది నయం అంటాను గాని మందు అనను.

మెషీను లేని ఇళ్ల సంగతి కూడా ఆలోచించాను. నాలుగైదు వేలు పెట్టి కొనమని ఎవరికీ చెప్పడం లేదు. ఇంట్లో మందపాటి పెనం మీద సన్నని సెగన మూతపెట్టి ఇదే చేయొచ్చు, అప్పుడు పొయ్యి దగ్గర అమ్మ నిలబడాలి. సంఘానికి రెండు మెషీన్లు ఉంటే చాలు. నాలుగు లీటర్ల బుట్టలో ఒక వాయికి ఎనిమిది చీలికల దాకా పడతాయి. ఇరవై మంది పిల్లలకు రెండు మెషీన్ల మీద రెండు వాయిలు. ఇంకో సంగతి, మగపిల్లలను క్రికెట్‌కు పంపి ఆడపిల్లలను మాత్రం ఇక్కడ కూర్చోబెట్టే పని చేయకండి. తాతలకు కూడా ఆహ్వానం ఉంది. బెల్లం దంచే పని వాళ్లకు ఇవ్వొచ్చు.

అరటి తర్వాత అనాస పెట్టుకుందాం. అర అంగుళం చక్రాలు, 200 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు. పచ్చిది తింటే నాలుక చురుక్కుమంటుందే, ఆ గుణం వేడికి తగ్గిపోతుంది, చిన్నపిల్లలు హాయిగా తింటారు. జామ పెట్టే రోజున పిల్లలనే మార్కెట్‌కు తీసుకుపోవాలని నా ఆశ. ఒకే తోపుడుబండి దగ్గర ఒకరు కొయ్యాపళం అంటారు, ఒకరు సీబెహణ్ణు అంటారు, మనం జామపండు అంటాం. మూడూ రాసుకు రమ్మనాలి. మామిడి కాలం వచ్చాక మన జిల్లా తోతాపురి ఉండనే ఉంది. గుజ్జు ఫ్యాక్టరీలకు లారీల్లో పోయే కాయ, మన ఇళ్లలో ఉప్పుకారం అద్దుకుని తినే కాయ. దోరగా ఉన్నప్పుడు చెక్కు తీసి పొడుగు ముక్కలు కోసి, బెల్లం ముద్దలో కాస్త కారం, ఉప్పు కలిపి రాసి 180 దగ్గర ఎనిమిది నిమిషాలు పెడితే పులుపు, తీపి, కారం అన్నీ ఒకేసారి నాలుక మీదికి వస్తాయి. ఉగాదికి తోతాపురి ఇంకా పిందెగానే ఉంటుంది, లేకపోతే ఆ రోజు పచ్చడి పక్కన ఇదీ పెట్టించేవాణ్ణి.

కమిటీ వాళ్లు వచ్చే సమావేశంలో దీన్ని ఎజెండాలో పెట్టమని కోరుతున్నాను. హాలులో 16 ఆంపియర్ల ప్లగ్గు స్టేజీ పక్కన ఒకటే ఉంది, రెండు మెషీన్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించవద్దు, రెండో ప్లగ్గు ఎక్కడ వేయించాలో ఎలక్ట్రీషియన్ తమ్ముడు చూసి చెప్పాలి. వాడకుండా అటక మీద పడేసిన మెషీను ఉన్నవాళ్లు కింద కామెంటులో చేయి ఎత్తండి. మొదటి వారం నేంద్రం పండ్లు నావి. అవ్వలను ఎవరు పిలుచుకొస్తారో పేర్లు రాయండి, ఆటో ఖర్చు స్వీటు బాక్సుల లెక్కలో మిగులుతుంది.