ఎదిగిన బిడ్డలు, తరగని మమత

పండగ మరునాడు కొల్లాపూర్ బస్టాండులో కనిపించే దృశ్యం మనకు కొత్తది కాదు. హైదరాబాదులో పని చేసుకుంటున్న కొడుకు తిరుగు ప్రయాణమవుతాడు. తల్లి సంచిలో రొట్టెలు, ఊరగాయ సర్దుతుంది. మామిడి కాలమైతే తోటలో పండిన నాలుగు పండ్లు కూడా అందులో చేరతాయి. తండ్రి బస్సు కిటికీ దగ్గర నిలబడి, "చేరగానే ఫోన్ చెయ్యి బేటా" అంటాడు. "నేనేమన్నా చిన్నపిల్లవాణ్ణా అబ్బా?" అని కొడుకు విసుక్కుంటాడు.

ఈ ప్రశ్నకు సమాధానం దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో ఉంది.

హజ్రత్ యాఖూబ్ (అ) కుమారులు పసివాళ్ళు కారు. కరువు కాలంలో ధాన్యం కోసం ఈజిప్టు దాకా వెళ్ళి రాగల బలవంతులు. తండ్రికి తీరని దుఃఖం కలిగించింది కూడా వాళ్ళే. తమ్ముడు యూసుఫ్ (అ)ను బావిలో పడవేసి, తోడేలు తినేసిందని అబద్ధం చెప్పారు. ఆ బిడ్డ కోసం ఏడ్చి ఏడ్చి తండ్రి కళ్ళు తెల్లబడ్డాయి. అయినా వారు మళ్ళీ ఈజిప్టుకు బయలుదేరినప్పుడు, అందరూ ఒకే ద్వారం గుండా ప్రవేశించవద్దని, వేర్వేరు ద్వారాల గుండా వెళ్ళమని ఆయన జాగ్రత్త చెప్పారు. తన జాగ్రత్త దైవ నిర్ణయాన్ని మార్చలేదని ఆయనకు తెలుసు. ఆ మాట కూడా ఆయనే అన్నారు. అయినా చెప్పకుండా ఉండలేకపోయారు. చివరికి వారు తప్పు ఒప్పుకొని తమ క్షమాపణకై ప్రార్థించమని కోరితే, ప్రార్థిస్తానని మాట ఇచ్చారు.

ఆడబిడ్డ విషయంలోనూ అంతే. పెళ్ళయి వెళ్ళిన హజ్రత్ ఫాతిమా (రజి) తన దగ్గరికి వచ్చినప్పుడు, దైవప్రవక్త (సఅసం) లేచి ఎదురేగి, ముద్దాడి, తన స్థానంలో కూర్చోబెట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అత్తవారింటికి పంపిన కూతురిని పరాయిదిగా చూసేవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి.

కొల్లాపూర్ 2016 దాకా పాలమూరు జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లా నుంచి వలస వెళ్ళిన కూలీలు దేశమంతటా ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర మట్టి మోశారు. పిల్లల్ని దాదీ, నానీల దగ్గర వదిలి వెళ్ళినవారు వారిలో ఎందరో! అలా పెరిగిన పిల్లలు ఈనాడు పట్నాల్లో ఉన్నారు. ఆనాడు అమ్మానాన్నల కోసం పిల్లలు ఎదురుచూశారు. ఈనాడు పిల్లల ఫోను కోసం అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నారు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పట్టించుకోని సంతానం నుంచి ట్రిబ్యునల్ ద్వారా నెలనెలా భరణం కోరే హక్కు దాని వల్ల లభించింది. మంచిదే. కాని "తిన్నావా?" అని తల్లి అడిగినప్పుడు ఓపికగా బదులు చెప్పించడం ఏ చట్టానికి సాధ్యం? వృద్ధులైన తల్లిదండ్రుల ముందు 'ఉఫ్' అని కూడా అనరాదని బనీ ఇస్రాయీల్ సూరా ఆదేశిస్తున్నది. మనం చాదస్తమని విసుక్కునేది సరిగ్గా ఈ చోటనే కదా!

తల్లిదండ్రులకూ ఒక మాట. హజ్రత్ యాఖూబ్ (అ) జాగ్రత్త చెప్పారు, భారం అల్లాహ్ మీద వేశారు, బిడ్డల్ని పంపారు. మనమూ అంతే చేయాలి.

ఈ జుమా నమాజు తర్వాత, దూరాన ఉన్న ప్రతి బిడ్డా ఇంటికి ఫోన్ చేసి, నాలుగు మాటలు నింపాదిగా మాట్లాడాలని మా మనవి. అమ్మానాన్నల మనసు ఎరిగి మెలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.