మోసపోయింది లాలచ్ కాదు, షరాఫత్

సైబర్ మోసం మాట రాగానే మన ఇళ్ళల్లో ఫైసలా రెడీగా ఉంటుంది: లాలచ్ బురీ బలా! లాటరీకి ఆశపడ్డాడు, పోయింది. డబ్బు రెట్టింపవుతుందంటే నమ్మాడు, పోయింది. కిస్సా ఖతం. ఈ ఫైసలాతోనే నాకు పేచీ. ఇప్పుడు మన దుకాణాల మెయిళ్ళకు వస్తున్న నకిలీ బిల్లు ఆశపోతు కోసం అల్లిన వల కాదు. బాకీ పెట్టుకోవడం ఇజ్జత్‌కి తక్కువ అనుకునే షరీఫ్ మనిషి కోసం అల్లింది.

లాటరీ మెయిల్ 'నీకు డబ్బొస్తుంది' అంటుంది. అబ్బా నవ్వి పక్కన పడేస్తాడు. నకిలీ బిల్లు 'నువ్వు బాకీ ఉన్నావు' అంటుంది. ఆ మాట పడితే ఆయనకు నిద్ర పట్టదు. సాయంత్రం లోపు కట్టేసి హిసాబ్ సాఫ్ చేసుకోవాలనుకుంటాడు. దొంగ పట్టుకునేది ఆ నియ్యత్‌నే.

ఎలా జరుగుతుందో చూడండి. ఢిల్లీ హోల్‌సేలర్ దగ్గర సరుకు తెప్పించుకునే చిన్న దుకాణం అనుకోండి. దొంగ ఇద్దరిలో ఒకరి మెయిల్‌లోకి దూరతాడు. దూరి వెంటనే ఏమీ చెయ్యడు. చప్పుడు చెయ్యకుండా చదువుతూ కూర్చుంటాడు. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ తారీఖున ఇస్తారు, ఒకరినొకరు భాయ్‌సాబ్ అనుకుంటారా సేఠ్ అనుకుంటారా, అన్నీ తెలుసుకుంటాడు. సరిగ్గా సమయానికి బిల్లొస్తుంది. అదే లోగో, అదే సరుకు, అదే రఖం. కింద ఒక్క వాక్యం కొత్తది: 'మా పాత ఖాతా బంద్ అయింది, ఈసారి ఈ కొత్త ఖాతాకు పంపండి.' మెయిల్ అడ్రసులో ఒక్క అక్షరం తేడా ఉంటుంది. లేదా అదీ ఉండదు, అసలు సేఠ్ మెయిల్ నుంచే వస్తుంది. ఇందులో లాలచ్ ఎక్కడుందో చెప్పండి. సరుకు నిజం, బాకీ నిజం. ఖాతా నంబరు ఒక్కటే ఝూట్.

ఇంకో రకం, ఇళ్ళకు వచ్చేది. 'మీ యాంటీవైరస్ రెన్యువల్ అయింది, ఇన్ని వేలు కట్ అవుతాయి, వద్దంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి.' కొననిదానికి డబ్బు పోతుందని హడలిపోయి అమెరికాలో ఉన్న ఖాలా ఫోన్ చేస్తుంది. అవతలివాడు తియ్యగా మాట్లాడి, వాపస్ ఇస్తామంటూ ఆమె కంప్యూటర్‌లో ఒక యాప్ పెట్టిస్తాడు. ఇక స్క్రీన్ వాడి చేతిలో, ఖాతా వాడి చేతిలో. ఆమె ఏమీ ఆశించలేదు, తన డబ్బు కాపాడుకోవాలనుకుంది. అంతే.

చదువులేనివాళ్ళే ఇలా పడతారని అనేవాళ్ళకు ఒక మాట. 2013 నుంచి 2015 దాకా లిథువేనియాకు చెందిన ఒకడు గూగుల్, ఫేస్‌బుక్ కంపెనీలకు దొంగ బిల్లులు పంపాడు. వాళ్ళకు కంప్యూటర్ సామాన్లు సప్లై చేసే తైవాన్ కంపెనీ పేరుతోనే లాత్వియాలో ఇంకో కంపెనీ రిజిస్టర్ చేసి, ఆ పేరుతో ఖాతాలు తెరిచాడు. రెండు కంపెనీలూ కలిసి పంపింది 12 కోట్ల డాలర్లకు పైనే. 2019లో వాడికి అమెరికా కోర్టు 5 ఏళ్ళ జైలు వేసింది. ప్రపంచానికి మెయిల్ ఇచ్చిన గూగులే బిల్లు చూసి మోసపోతే, టైర్ల దుకాణం నడిపే మామూను 'అనాడీ' అనడానికి మనమెవరం?

బ్యాంకుల సంగతీ చెప్పాలి. పంపేటప్పుడు మనం సేఠ్ పేరు రాస్తాం, బ్యాంకు చూసుకుంటుందని బేఫికర్‌గా ఉంటాం. కానీ నెఫ్ట్‌లో వచ్చిన డబ్బును ఖాతా నంబరు ఒక్కటి చూసి జమ చేసుకోవచ్చని 2010లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. పేరు కలవకపోయినా ఆపాల్సిన పని లేదు. పంపే ముందు ఆ ఖాతా ఎవరి పేరున ఉందో చూపించే ఏర్పాటు నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు 2025 ఏప్రిల్ 1 నాటికి తెమ్మన్నది కూడా ఆ రిజర్వు బ్యాంకే. మధ్యలో దాదాపు పదిహేనేళ్ళు! అన్నేళ్ళూ మోసపోయినవాళ్ళను లాలచీలన్నాం తప్ప, పేరు ఎందుకు చూడరని బ్యాంకును అడగలేదు.

ఇప్పుడైనా ఆ సౌకర్యం వాడండి. తెలుగు లెక్కల పుస్తకం తెరిస్తే రసీదు, వసూలు, బాకీ, జమ, ఖర్చు, తనిఖీ, నకిలీ... ఎక్కువ మాటలు మన ఉర్దూ వైపు నుంచి వచ్చినవే. మాటలు ఇచ్చినవాళ్ళం తనిఖీ మాత్రం మర్చిపోతే ఎలా? ఖాతా మారిందని మెయిల్ వస్తే, ఫోన్‌లో ముందునుంచీ ఉన్న నంబరుకు చేసి సేఠ్ గొంతు వినండి. బిల్లు మీద ఉన్న నంబరుకు చెయ్యకండి, అది దొంగదే కావచ్చు. తెలియని కంపెనీ అయితే జీఎస్టీ నంబరు చూడండి. 15 అక్షరాలుంటాయి, మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రాకు 37. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరి పేరున ఉందో వస్తుంది. నంబరు కలిసినంత మాత్రాన నమ్మొద్దు, అసలు బిల్లు మీది నంబరు దొంగ కూడా ఎక్కించగలడు. ఫోన్ చేసి అడగడమే పక్కా. అడిగితే సేఠ్ నారాజ్ అవుతాడన్న మొహమాటం వదలండి. డబ్బు పోతే నష్టం ఆయనకూ ఉంది.

డబ్బు వెళ్ళిపోయిందా? ఇక్కడే మన ఫైసలా ఘోరం చేస్తుంది. జర్నలిస్టునని నాకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది అడిగే మొదటి మాట, 'భాయ్, ఇంట్లో తెలియకుండా ఏమైనా చెయ్యొచ్చా?' అప్పటికి రెండు రోజులు, నాలుగు రోజులు గడిచి ఉంటాయి. దొంగ ఆ డబ్బును ఒక ఖాతాలో ఉంచడు, గంటల్లో పది ఖాతాలకు పంచేస్తాడు. మధ్యలో ఎక్కడైనా ఆగి ఉంటేనే పట్టుకోగలరు. అందుకే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, బ్యాంకుకు చెప్పాలి, కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయాలి. ఆ మెయిల్ డిలీట్ చెయ్యొద్దు, అదే సబూత్. మెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి, సేఠ్‌కూ చెప్పాలి. ఇంట్లో తిట్లకు భయపడి దాచుకున్న ప్రతి గంటా మనం దొంగకు ఇస్తున్న మొహలత్.

లాలచ్ బురీ బలా అన్న సామెత వాడాల్సిన చోటు వేరే ఉంది. ఆ డబ్బు చేరిన ఖాతాలు ఎవరివి? చాలాసార్లు ఎవరో కుర్రాడివి. 'వారం రోజులు నీ అకౌంట్ ఇవ్వు, ఏటీఎం కార్డు ఇవ్వు, కమీషన్ ఇస్తాం' అంటే ఇచ్చేసినవాడివి. 'నేనేం దొంగతనం చేశాను, ఖాతా ఇచ్చానంతే' అంటాడు. పోలీసులు మొదట తలుపు కొట్టేది వాడి ఇంటినే. కొడుకు చేతిలో పని లేకుండా డబ్బు కనిపిస్తే ఎక్కడిదని అడగని తల్లిదండ్రులు, బిల్లు కట్టి మోసపోయిన పెద్దాయనకు మాత్రం నీతి చెబుతారు. ఇదేం ఇన్సాఫ్?

బాకీ కట్టాలనుకోవడం ఐబ్ కాదు. మోసపోయినవాడు గునెహ్‌గార్ కాదు. మీ ఇంట్లో ఎవరైనా 'డబ్బు తప్పు ఖాతాకు పోయింది' అని చెబితే ఎంత పోయింది, ఎందుకు పంపావు అన్న సవాళ్ళు తర్వాత. ముందు ఆ ఫోన్ తీసుకుని 1930 కొట్టండి.