మోయు యంత్రము, తీర్పుచెప్పు యంత్రము

2000 సంవత్సరము మార్చి 24వ తేదీన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదునుండి మన చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామపు దూరవైద్య కేంద్రమునకు ప్రారంభోత్సవము గావించెను. పల్లెలోని రోగి గుండె గీతలు ఉపగ్రహముద్వారా చెన్నపట్టణపు నిపుణుని యెదుట నిలుచుట నాడు విడ్డూరము; నేడది నిత్యకృత్యము. కాని ఆ గీతలను మోసి, దాచి, తెరపై చూపు సాఫ్టువేరు వైద్యోపకరణమా, కాదా?

ఇది వకీళ్ల తగవని పాఠకులు త్రోసివేయరాదు. ఉపకరణమైనచో పరీక్ష కలదు, జవాబుదారి కలదు. కానిచో, ఒకరి గీత వేరొకరి పేర చేరి మందు తప్పిననాడు రోగి యెవరిని నిలదీయవలెను?

అమెరికావారు 2011లో ఇట్టి సాధనములను అతికఠినమగు మూడవ తరగతినుండి మొదటి తరగతికి దించిరి. మోయవచ్చును, దాచవచ్చును, చూపవచ్చును. ఆపదలోనున్న రోగికి కావలికాయుట మాత్రము కూడదు. 2016 నాటి చట్టముతో కేవలము మోయు సాఫ్టువేరును ఉపకరణముల లెక్కనుండియే తొలగించిరి.

మనకు 2017 నాటి నియమావళియు, అందు ఏ, బీ, సీ, డీ యను తరగతులును గలవు. 2020 ఫిబ్రవరి ప్రకటనతో సాఫ్టువేరును నిర్వచనమున చేరినది. కాని మోయుటకును తీర్పుచెప్పుటకును నడుమ హద్దు ఆ నిర్వచనమున లేదు. మరుసటి నెల వెలువడిన దూరవైద్య మార్గదర్శకములు వైద్యుల నడవడినే నిర్ణయించి, సాఫ్టువేరు సంగతి తమ పరిధిలోనిది కాదనినవి.

పేరునుబట్టి గాక పనినిబట్టి తరగతి యేర్పడవలెనని మా మతము. టపా బంట్రోతు ఉత్తరమును అందించినంతకాలము బంట్రోతే. విప్పి దిద్దెనా, వాని కథ వేరు. ఉన్నదున్నట్లు అందించు సాఫ్టువేరును బరువైన లైసెన్సులతో పీడించినచో చిన్న ఆసుపత్రులు మరల కాగితమునే ఆశ్రయించును. 'ఈ గుండెకు ప్రమాద' మని గంట మ్రోగించుదానిని మాత్రము కఠినముగ పరీక్షింపవలసినదే. గంటను తగిలించియు 'మేము మోయువారమే' యను వర్తకుని మాట చెల్లరాదు.

అట్లని పరదేశపు హద్దును యథాతథముగ దిగుమతి చేసికొనుమని మేమనము. మన పల్లెలలో కరెంటు పోవును, సిగ్నలు తెగును, సగము గీతయే చేరవచ్చును. కావున మోయు సాఫ్టువేరునకు సైతము ఒక విధి యుండవలెను: చేరినది పూర్ణమో, అపూర్ణమో తెరపైననే వైద్యునికి తెలుపవలెను. కేంద్ర ఔషధ ప్రమాణ నియంత్రణ సంస్థ ఈ యొక్క వాక్యమును తన నియమములలో చేర్చుటకు నూతన చట్టమేల?