వేలు పెట్టిన పుట, రిబ్బను పెట్టిన పుట



మీ ఇంటి ఫోనును ఒకసారి చేతికి తీసుకొని, అందులోని క్రోమ్‌ను తెరవండి. చిన్న చదరపు గడిలో ఒక అంకె కనబడుతుంది. ఎన్ని పుటలు తెరిచి మూయకుండా వదిలేశారో అదే చెబుతుంది. కొన్ని ఇళ్లలో అది 30, కొన్ని ఇళ్లలో 60. ఆండ్రాయిడ్ ఫోనులో 99 దాటితే క్రోమ్ లెక్క చెప్పడం మానేసి, అంకెకు బదులు నవ్వు ముఖము గుర్తు చూపిస్తుంది. అది నవ్వవలసిన సంగతేనా అన్నది వేరే మాట.

ఇలా తెరిచి ఉంచిన పుటలనే ట్యాబులు అంటారు. చదువుతూ ఉండగా ఎవరో పిలిస్తే పుస్తకములో వేలు పెట్టి పట్టుకుంటాము చూశారా, ట్యాబు అటువంటిది. బుక్‌మార్కు అయితే లావుపాటి పుస్తకాలకు కుట్టి ఉండే రిబ్బను. పుస్తకము మూసి బీరువాలో పెట్టినా రిబ్బను పెట్టిన చోటు పోదు. వేలు మాత్రము ఎంతసేపు పెట్టి ఉంచగలము? బుక్‌మార్కు అనే మాట 1994లో వచ్చిన నెట్‌స్కేప్ నాటి నుండి ఉన్నది. ట్యాబులు ఇంటింటికీ చేరినది ఆ తరువాతనే. మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోకి అవి 2006లో గాని రాలేదు.

మనవారిలో చాలామంది వేలితోనే కాలము గడుపుతున్నారు. "మళ్లీ కావాలి కదా, అలా ఉండనీ" అని పుటను వదిలేస్తారు. ఫోనుకు జ్ఞాపకశక్తి తక్కువైనప్పుడు అది వెనుకనున్న ట్యాబులను తనంతట తానే దించేస్తుంది. మీరు తిరిగి వచ్చి ముట్టుకుంటే ఆ పుటను మళ్లీ మొదటి నుండి తెచ్చి చూపిస్తుంది. చదివే పుటైతే నష్టము లేదు. కాలేజీ దరఖాస్తు సగము నింపి, సర్టిఫికెట్టు వెతకడానికి లేచి వెళ్లిన పిల్లవానికి మాత్రము నింపినదంతా పోవచ్చును. గనుక కాగితాలన్నీ దగ్గర పెట్టుకొని కూర్చోమని పిల్లలకు చెప్పండి.

అసలు ప్రమాదము ఇంకొకటి ఉన్నది. పీఎం కిసాన్ డబ్బు ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలుగా పడుతుంది. విడత పడిందో లేదో చూడాలని రైతు సోదరుడు ప్రతిసారీ గూగుల్‌లో ఆ పేరు కొట్టి, పైన ఏది వస్తే దానిని నొక్కుతాడు. పైన వచ్చేది ఒక్కొక్కసారి డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. ఒక్కొక్కసారి అచ్చము ప్రభుత్వ పుటలాగే తయారుచేసిన మోసపు పుట. అక్కడ ఆధారు నంబరు, ఆ వెనుక ఓటీపీ ఇచ్చాడంటే, విడత రావడము అటుంచి ఖాతాలో ఉన్నదే పోతుంది.

ఒక్కసారి, చదువుకున్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, సరియైన చిరునామా చూసుకోండి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల చిరునామాలు సాధారణముగా జీఓవీ డాట్ ఇన్ అని ముగుస్తాయి. ముగియాలి సుమా! మొదటి గీటుకు ముందు చివరి మాటలు అవే అయి ఉండాలి. ఎక్కడో నడుమ జీఓవీ అని ఇరికించి ఉంటే నమ్మవద్దు. సరిచూసుకున్నాక మూడు చుక్కల మెనూలో నక్షత్రము గుర్తు నొక్కితే బుక్‌మార్కు పడుతుంది. కంప్యూటరులో కంట్రోల్, డి కలిపి నొక్కితే చాలు. ఇక వెతకడము మానేసి, ప్రతిసారీ దాని మీదుగానే వెళ్లండి.

బుక్‌మార్కు దాచేది చిరునామానే గాని పుటను కాదు. నెట్ లేకపోతే అది తెరుచుకోదు. ఇల్లు మారిన వారికి పాత చిరునామా మీద ఉత్తరము వ్రాసినట్లు కూడా కావచ్చును. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానములో 2025లో భూభారతి వచ్చింది. బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్ అని ముగిసే చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. అంతకు ముందు పెట్టుకున్న బ్యాంకు బుక్‌మార్కు మీ ఫోనులో ఉంటే దానిని తీసివేసి, కొత్తది పెట్టుకోండి.

ఇంకొక మాట. ట్యాబు మూసినంత మాత్రాన లాగౌట్ అయినట్లు కాదు. నెట్ సెంటరులో పని ముగించుకొని పుట మూసి బయటకు వస్తే, వెనుక కూర్చున్న మనిషి అదే పుట తెరిచినప్పుడు మీ వివరాలే కనబడవచ్చును. ముందు లాగౌట్, తరువాతనే మూయడము. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి దాచుకోక వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

పొరపాటున మూసిన ట్యాబు గురించి కంగారు పడవద్దు. అదే మెనూలో ఇటీవలి ట్యాబులు అన్నచోట చాలావరకు దొరుకుతుంది.

బుక్‌మార్కుకు ఫోను తానే ఇంగ్లీషులో పొడుగాటి పేరు పెడుతుంది. దానిని మార్చవచ్చును. "పొలం కాగితాలు", "కిసాన్ డబ్బు", "చిన్నోడి మార్కులు" అని ఇంట్లో మీరు పిలుచుకునే మాటే తెలుగులో వ్రాసి పెట్టండి. ఇంగ్లీషు రాని అమ్మ కూడా, కొడుకు పట్నము నుండి వచ్చేదాకా ఆగకుండా, తానే తెరిచి చూసుకుంటుంది.